పేరడిగే వాగుతోపు

గడ్డిమెట్ట దిగువన, వాగుతోపు మొదట్లో ఒంటి చింతచెట్టు ఉంది చూశారా, దాని కాయ ఎవరూ దులపరు. రాలి, పురుగు పట్టి, అక్కడే మట్టయిపోతుంది. చింతకాయని ఊరికే వదిలేసే ఊరా మనది? కాదు కదా. మరెందుకు వదిలేశారంటే, అది కోనమ్మ నిలబడ్డ చెట్టు. చెప్తాను, దగ్గరికి జరగండి. ఒరే సింగన్నా, ఆ చుట్ట అవతల పారేసి కూర్చో, పొగకి నాకు దగ్గొస్తుంది.

అప్పట్లో ఏటా ఎండాకాలం మెట్ట మీద గడ్డికి నిప్పు పెట్టేవాళ్లు. ముదురు గడ్డి కాలిపోతే తొలివానకి లేత పచ్చిక లేస్తుంది, పశువులకి మేత. మోదుగా తునికీ పైపైన మాడినా మళ్లీ చిగురిస్తాయి, వాటికది అలవాటే. వాగుతోపు మాత్రం కాలదు. ఏరుమద్దులూ నేరేళ్లూ జీలుగులూ అల్లుకుపోయి ఎండని కిందికి దిగనివ్వవు, నేల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, నిప్పు అక్కడిదాకా వచ్చి చచ్చిపోతుంది. మరి మెట్ట మీద బతికే జీవాల మాటేమిటి? అందుకే పిలుపు అని ఒకటుండేది. నిప్పు పెట్టే ముందు పిలుపుకాడు డప్పు కొట్టుకుంటూ మెట్టంతా నడిచి, ఒక్కో జీవాన్నీ పేరు పెట్టి పిలవాలి. కణితీ, జింకల్లో పెద్దదానివి, పిల్లని తీసుకుని తోపులోకి పో, భయం లేదు. పూరేడూ, గూడు వదిలి లే. అలుగూ, ఒంటినిండా పెంకులు, నీది నిదానం నడక, నువ్వు ముందు బయలుదేరు. ఇలా పిలుచుకుంటూ వచ్చి ఆ చింతచెట్టు కింద డప్పు ఆపాకే నిప్పు. ఆ పూట తోపులో వేట లేదు. చిరుత పక్కనే దుప్పి నిలబడి నీళ్లు తాగేదంటే చూసుకోండి.

కోనమ్మ వాళ్లయ్య జోగయ్య పిలుపుకాడు. మగపిల్లలు లేరు, ఆడవాళ్లు డప్పు ముట్టకూడదు, అందుకని జోగయ్య పోయాక డప్పు అల్లుడు బల్లన్న మెడకెక్కింది. కోనమ్మకి పేర్లన్నీ వచ్చు, చిన్నప్పట్నుంచీ అయ్య వెనక నడిచిన పిల్ల కదా. బల్లన్న మాత్రం కూరకొచ్చే వాటి పేర్లే నేర్చుకున్నాడు. మిగతావి నేర్చుకో మావా అని ఆవిడంటే, వాటికి కాళ్లు లేవా, అవే పోతాయిలే అనేవాడు.

ఇక ఆ మొదటి ఏడే అతనికి పాడు ఆలోచన పుట్టింది. అన్ని జీవాలూ ఒక్కచోటికి వస్తున్నాయి కదా, వాగుకి అడ్డంగా వల కడితే పోలా అని. కట్టించాడు. కట్టించి, ఎంతో ముద్దుగా పిలిచాడు, భయం లేదు, భయం లేదు అంటూ. అవి నమ్మి వెళ్లాయి. ఆ సాయంత్రం ఊళ్లో ప్రతి పొయ్యి మీదా మాంసమే. బల్లన్న గంప తెచ్చి గుమ్మంలో దించి, ఏమేం పడ్డాయో చూడవే, ఇన్నాళ్లూ మీ అయ్య దండగ చేశాడు అన్నాడు. కోనమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని, నాకు చూపించకు, నే చూడను అంది. తప్పేముంది అంటారా? ఏమో, వినండి.

మరుసటి ఏడు బల్లన్న మళ్లీ పిలిచాడు. ఒక్కటీ కదల్లేదు. కణితి గడ్డిలో నిలబడి అతన్నే చూస్తోంది. పూరేడు కాళ్ల దగ్గరే ఉంది, లేవలేదు. వెనక దివిటీలు పట్టుకున్నవాళ్లు, ఏం బల్లన్నా, చుట్టాలు అలిగారా, పెళ్లిపిలుపు చాల్లేదా అని నవ్వారు. అతనికి తలకొట్టేసినట్టయింది. తోపులో ఏదో అడ్డముంది, చూసొస్తానని డప్పుతో లోపలికి పోయాడు. కాసేపు డప్పు వినిపించింది. తర్వాత, దెబ్బకి ఎత్తిన చెయ్యి దిగకుండానే ఆగినట్టు, ఆగిపోయింది.

పొద్దు వాలుతోంది, గాలి తిరిగేలోపు అంటించేద్దాం, వాడే వస్తాడు అన్నారు జనం. కోనమ్మ వెళ్లి గడ్డిలో చతికిలబడింది. నా మొగుడు ఈ గడ్డి మీదుగానే రావాలి, వచ్చాక పెట్టండి, లేదంటే నన్నూ కలిపి పెట్టండి అంది. ఏం చేస్తారు, దివిటీలు ఆర్పేశారు. అప్పుడు ఆవిడ ఒక్కతే చింతచెట్టు దగ్గరికి నడిచింది.

తోపులో కీచురాయి కూడా అరవడం లేదు. మావా అని పిలిచింది. చాలా లోపల్నుంచి, వీళ్లు నన్ను రానివ్వట్లేదే కోనా, పేరు పెట్టి పిలిస్తేగానీ కదలరంట అన్నాడు. ఆవిడకి అర్థమైంది, కిందటేడు వలలో పడ్డవే అవి. డప్పు లేదు కదా, చింతమాను మీద అరచేత్తో చరుస్తూ, కణితీ, బయటికి రా, భయం లేదు అంది. వచ్చింది. మెడ మీద వలతాళ్ల గీతలున్నాయి, అడుగు పడితే గడ్డి వంగలేదు. ఆవిడ పక్కనుంచి మెట్ట మీదికి పోయి, ఎండపొడలో కలిసిపోయింది. తర్వాత దుప్పిని పిలిచింది, ఏదుపందిని పిలిచింది, ఉడుముని, అడవికోడిని. ఒక్కొక్కటే వస్తోంది, ఒక్కొక్కటి దాటినప్పుడల్లా బల్లన్న ఒక్కడుగు ముందుకొస్తున్నాడు. చివరికి చెయ్యి చాస్తే అందేంత దగ్గరికొచ్చాడు. అక్కడ కాలు ఆగింది.

ఇంకోటుందంట అన్నాడు. ఏమిటది అంది. తెలీదే, చిన్నది, వల అడుగున పడి నలిగిపోయింది, తినడానికి పనికిరాదని నువ్వు గంప చూడనన్నాక నేనూ సరిగ్గా చూడకుండానే తీసి వాగులో పారేశాను అన్నాడు. కోనమ్మ దేవాంగపిల్లిని పిలిచింది, ముంగిసని, పునుగుపిల్లిని, బెట్టుడుతని, తాబేలుని, అయ్య నేర్పిన ప్రతిదాన్నీ పిలిచింది. ఉహూఁ. ఆ రోజు గంపలోకి ఒక్కసారి చూసుంటే పోయేది. చూడలేదు కదా. గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది. పిడికిలి విప్పి చూసుకుంటే తడి వలముక్క ఉంది, మనిషి లేడు.

జుట్టు నెరిసేదాకా రోజూ సాయంత్రం వెళ్లి పిలిచింది ఆవిడ. పురుగు పేర్లు, సీతాకోకల పేర్లు కూడా అడిగి తెలుసుకుని మరీ పిలిచింది. ఆ చెట్టు కిందే పోయింది. అప్పట్నుంచీ మెట్టకి నిప్పు పెట్టలేదు. ఆ తోపులో ఉన్నన్ని జీవాలు ఇప్పుడు చుట్టుపక్కల ఎక్కడా లేవంటారు, మనిషి పోడు కాబట్టి. కానీ పొద్దు వాలే వేళ తోపు పక్క గట్టు మీద ఎవరైనా కనిపిస్తే, లోపల్నుంచి నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు, చిన్నదాని పేరేమిటి, చెప్పవా అని అడుగుతుందట బల్లన్న గొంతు. మేకలకాడు కన్నప్పని కూడా అడిగింది. పేరేమిటి అన్నదొక్కటే చెవిన పడి, తననే అడుగుతున్నారనుకుని, కన్నప్ప అన్నాడట పాపం. మేకలు మాత్రమే ఇంటికొచ్చాయి.

కాబట్టి ఎవరూ అటు పోకండి. పచ్చిక కావాలంటే ఇవతలి గట్టు మీద బోలెడుంది. చింతకాయలు సంతలో దొరుకుతాయి.