పదకొండు గంటల దూరం

"ఇదేం దారి బావా? పక్కూళ్ళో ఉన్న గోల్ఫు కోర్సుని వదిలేసి, అన్నిటికంటే దూరంగా ఉన్నదాంతో ఎవరైనా మొదలెడతారా?"

"మొదటి రోజు ఓపికుంటుంది కదరా. ఓపికున్నప్పుడే దూరం వెళ్ళిపోవాలి."

"పద్దెనిమిదేళ్ళుగా లారీ తోలుతున్నాను. నాకు చెప్తున్నావా? దగ్గర్నుంచి మొదలెట్టి, ఒక్కోటీ ఆడుకుంటూ పైకి పోయి, చివర్లో ఒక్క పెట్టున ఇంటికి తిరగాలి. నువ్వు గీసిన దారి పిల్లిమొగ్గలు వేస్తోంది."

"దగ్గర కోర్సులో టీ టైము దొరకలేదు."

"నిన్న అడిగితే అసలు వాళ్ళకి ఫోనే చెయ్యలేదన్నావు."

"తర్వాత చేశాను."

"ఎప్పుడు?"

"చేశానన్నాను కదా. కాస్త మెల్లిగా మాట్లాడు, మీ అక్క ఇప్పుడే పడుకుంది."

వంటింటి బల్ల మీద మ్యాపు పరిచి ఉంది. కళ్ళజోళ్ళ షాపు నడిపే బావ మధ్యాహ్నం భోజనానికి వచ్చి, మళ్ళీ షాపు తెరవడానికి వెళ్ళలేదు. లారీ తోలే బావమరిది ఎనిమిది నెలల తర్వాత ఈ ఇంట్లో కూర్చున్నాడు. అతను కూర్చున్న చోటి నుంచి అక్క పడుకున్న గది తలుపు సూటిగా కనిపిస్తోంది. అటు చూడకుండా ఉండడానికే మ్యాపు మీదికి మరీ వంగుతున్నాడు.

"సరే. తొమ్మిది రోజులు, ఆరు కోర్సులు. టీ టైములు బుక్ అయ్యాయి, సెలవు కావాలని మా ఓనరుని అడిగితే, టీ తాగడానికి తొమ్మిది రోజులెందుకురా అన్నాడు. ఆట మొదలెట్టడానికి మనకిచ్చే టైమండీ అని అర్థమయ్యేలా చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

"ఇచ్చాడా?"

"ఇచ్చాడు, సణుక్కుంటూ. ఇది అక్క కత్తిరించిన కాగితమే కదా?"

"ఊ."

"'ఫీజు కట్టి ఎవరైనా ఆడగలిగే వంద మేటి గోల్ఫు కోర్సులు.' నాలుగో నంబరు సముద్రపు గట్టు మీద. పదకొండోది పాత రాతి గనిలో. ఈ పంతొమ్మిదో దానికైతే నేను సరుకు దింపడానికి దాని గోడ పక్కనుంచే వెళ్ళాను, లోపలికి తొంగి చూడ్డమే తప్ప అడుగు పెట్టింది లేదు. ఈ టిక్కులు కూడా అక్కవే."

"తనవే. మైదానం కౌంటరులో కూర్చుని పెట్టింది. చలికి ఎవరూ ఆడడానికి రాని రోజుల్లో."

"ఇరవై ఆరేళ్ళు ఆ మునిసిపల్ గోల్ఫు మైదానంలో ఊరందరికీ టైములు రాసిచ్చింది. రిటైరయ్యాక మనం ముగ్గురం వెళ్దామంది."

"అంది."

"నాకు ఆట నేర్పింది తనే. నీకూ నేర్పాలని నానా తంటాలు పడింది. నువ్వు కొడితే బంతి కంటే మట్టిపెళ్ళ ఎక్కువ దూరం వెళ్ళేది."

"ఇప్పటికీ అంతేరా."

"మరి అంత రానివాడివి నాలుగో నంబరు కోర్సులో ఏం చేస్తావు?"

"నీ వెనకాల నడుస్తాను. గాలి బాగుంటుందట."

"బావా, ఒక మాట అడగనా?"

"అడక్కు."

"ఏం అడుగుతానో నీకు తెలుసా?"

"తెలుసు కాబట్టే అడక్కు అంటున్నాను. ఇదిగో, ఈ కొండదారి రాత్రి దాటొచ్చా?"

"దాటొచ్చు. అక్క దగ్గర ఎవరుంటారు?"

"ఏర్పాటు చేశాను."

"పగలొచ్చే ఆ నర్సమ్మా?"

"ఆవిడ మానేసి మూణ్ణెల్లయింది. ఈ కొండ దిగాక పెట్రోలు బంకు ఉంటుందా?"

"రెండున్నాయి. ఎవరుంటారు బావా?"

"నది దాటాక ఒక చోటుంది. ఇలా మతిమరుపు వచ్చినవాళ్ళని చూసుకునే ఇల్లు. తోట ఉంది. గదికి పెద్ద కిటికీ ఉంది. నేను వెళ్ళి చూసి వచ్చాను."

"హోములో పెడతావా?"

"మెల్లిగా."

"మెల్లిగానే అంటున్నాను. తను టిక్కులు పెట్టుకున్న కోర్సుల్లో మనం ఆడుకోవడానికి, తనని తీసుకెళ్ళి హోములో పెడతావా? చలికాలమంతా కూర్చుని ఏరుకుంది బావా, ఒక్కోటీ."

"అలాగే అనుకో."

"అనుకోవడమేంటి? కాదని చెప్పు. వేరే కారణం ఏదో ఉందని చెప్పు."

"ఏం చెప్పమంటావురా? టీ పెట్టనా?"

"వద్దు. నీ మనసులో ఏముందో నాకు తెలుసు. ఎనిమిది నెలలు మొహం చూపించనివాడికి అడిగే హక్కేముందని."

"నేనా మాట అనలేదు."

"అనక్కర్లేదు. గుమ్మంలో పళ్ళ సంచి పెట్టి, బెల్లు కొట్టి, నువ్వు తలుపు తీసేలోపు లారీ ఎక్కేసేవాణ్ణి."

"చూసేవాణ్ణిలే. కిటికీలోంచి కనిపించేది."

"చూసి కూడా పిలవలేదేం?"

"ఆగాలనుకుంటే నువ్వే ఆగుతావని."

"ఆఖరిసారి లోపలికొచ్చినప్పుడు నన్ను ప్లంబరనుకుంది. సింకు కింద చూపించి, ఇక్కడ కారుతోంది బాబూ, ఎన్నిసార్లు ఫోను చెయ్యాలి మీకు అని కోప్పడింది. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. నేనెవరో చెప్పడానికి నోరు రాలేదు. లారీలోంచి స్పానరు తెచ్చి, పైపు బిగించి వెళ్ళిపోయాను. ఆ తర్వాత ఈ గుమ్మం ఎక్కాలంటే కాళ్ళు రాలేదు."

"ఆ పైపు మళ్ళీ కారలేదురా. బాగా బిగించావు."

లోపలి గది తలుపు తెరుచుకుంది. అక్క జుట్టు సవరించుకుంటూ వచ్చి, బల్లకి అటువైపు నిలబడి, ఇద్దర్నీ పరిశీలనగా చూసింది.

"టైము కావాలా మీకు?"

"నిద్ర పట్టలేదా?"

"నిద్రేంటండీ, డ్యూటీలో ఉంటేనూ. ఎంతమంది?"

"ఇద్దరం."

"ఇద్దరైతే కష్టం. శనివారాలు నలుగురేసి లేకుండా పంపం. ఇంకో ఇద్దరితో కలుపుతాను, సర్దుకోండి. మీ పేరు బాబూ?"

"అక్కా. నేను. నీ తమ్ముణ్ణి."

"తమ్ముళ్ళయినా లైన్లో రావలసిందే. మా వాడొచ్చినా అంతే, వాడూ లైన్లోనే నిలబడతాడు. ఎంత బాగా కొడతాడనుకున్నారు. బంతి అలా తేలిపోతుంది."

"ఎక్కడున్నాడు మీ వాడు?"

"లారీ మీద వెళ్ళాడు. వస్తాడు. వాడికి ఆగే తీరికేదీ. మీరు కొంచెం అటు జరగండి. మిమ్మల్నే, కళ్ళజోడాయన. దగ్గరికి రావద్దు."

"రానండి. ఇక్కడే ఉన్నాను."

"ఆయన్ని అక్కడే ఉండమని చెప్పు బాబూ."

"చెప్తానక్కా. నువ్వు రా, కాసేపు పడుకో."

"కౌంటరు?"

"నేను చూసుకుంటాను."

"రేపు గడ్డి కోస్తారు, తెరవం. వచ్చినవాళ్ళకి ఆ మాట చెప్పు."

అతను అక్క చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళాడు. దుప్పటి కప్పి, ఆమె కళ్ళు మూసుకునేదాకా మంచం పక్కన నిలబడి వచ్చేసరికి, బావ సింకు దగ్గర అటు తిరిగి కడిగిన గ్లాసే మళ్ళీ కడుగుతున్నాడు.

"నిన్ను దగ్గరికి రావద్దంది ఎందుకు?"

"ఏవో అంటూ ఉంటుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి."

"నువ్వు కాలు కదిపావో లేదో, ముడుచుకుపోయింది. చేత్తో మొహం కప్పుకుంది. నేను ఎదురుగా ఉన్నాను బావా."

"చూశావు కదా, ఇంకేం అడుగుతావు?"

"నీ నోటితో చెప్పు."

"ముందు తాళాల సంగతి చెప్తాను. తెల్లవారకముందే లేచి వెళ్ళిపోయేది, కౌంటరు తెరవాలని. రెండుసార్లు మైదానంలో దొరికింది. ఒకసారి వానలో, ఆరో గుంత దగ్గర జెండా కర్ర పట్టుకుని నిలబడింది, చెప్పుల్లేకుండా. గడ్డి కోసేవాళ్ళు ఫోను చేశారు. ఆ తర్వాత బయట తాళం వేసి షాపుకెళ్ళడం మొదలెట్టాను."

"ఎంతసేపు?"

"గంట అనుకుని మొదలెట్టాను. నాలుగేసి గంటలయ్యేది. షాపులో జనాన్ని కూర్చోబెట్టి, పై వరస చదవండి, కింద వరస చదవండి అంటూ ఉంటే, ఇంట్లో తను తలుపు గీకుతూ ఉండేది. ఒక రోజు వచ్చేసరికి గోళ్ళ నిండా నెత్తురు."

"బావా."

"చెప్పమన్నావు కదా, చెప్పనీ. ఆ వేళ గోళ్ళు కడిగి మందు రాశాను. ఇంకో నెల గడిచింది. మొన్న ఒక పొద్దున స్నానం చేయించబోయాను. ఎవరో పరాయి మగాడు మీద చెయ్యి వేశాడనుకుంది. కళ్ళజోడు లాగి గోడకేసి కొట్టింది, బకెట్టు నా మీదికి తోసింది. మూడు రాత్రులుగా నాకు కునుకు లేదు. నా చెయ్యి లేచింది."

"లేచి?"

"ఆగలేదురా."

"కొట్టావా?"

"చెంప మీద. ముప్ఫై ఒక్కేళ్ళ కాపురంలో తన మీద గొంతు పెంచింది కూడా తక్కువే. తను ఏడవలేదు. చెంప పట్టుకుని నా వంక చూసి, మా ఆయన రానివ్వండి, మీ సంగతి చెప్తాను అంది."

"ఆ తర్వాత?"

"ఆ రోజు సాయంత్రం దాకా కుర్చీ వేసుకుని వీధి తలుపు వైపు చూస్తూ కూర్చుంది. నేను పక్కగదిలోంచి చూస్తున్నాను. నేనొస్తానని, నాతో చెప్పుకోవాలని."

"నాకెందుకు చెప్పలేదు బావా ఇదంతా?"

"ఎవరితో చెప్పను? పళ్ళ సంచితోనా?"

"అను. ఇంకా అను. పడాల్సిందే."

"నిన్ను అనడానికి కాదురా, నోరు జారింది. నేను చేసిన పని ముందు నీది ఏపాటి?"

"కాదు, నాదీ ఉంది. వారానికి రెండు పూటలు నేనొచ్చి కూర్చుని ఉంటే నీకు కాస్త నిద్రయినా దక్కేది. సరే, విను. ఈ తొమ్మిది రోజులు తనని అక్కడే ఉంచుదాం. నువ్వు కాస్త తేరుకో. తిరిగొచ్చాక నేను రాత్రి ట్రిప్పులు మానేస్తాను. వారానికి మూడు రోజులు ఇక్కడే పడుకుంటాను. ఇద్దరం కలిసి..."

"తొమ్మిది రోజులు కాదురా."

"మరి?"

"ఇక అక్కడే."

"ఎవరన్నారు?"

"నేనే. కాగితాల మీద సంతకం పెట్టేశాను. తను నన్ను చూసి మొహం కప్పుకునే ఇంట్లో తనని ఉంచకూడదు. నాలుగు గోడల మధ్య ఆ చెయ్యి మళ్ళీ లేవదని నీకు మాటివ్వగలను గానీ, నాకు నేను ఇచ్చుకోలేకపోతున్నాను."

"నన్ను ఒక్క మాట అడగలేదు."

"అడిగితే వద్దంటావు. నువ్వు వద్దంటే నాకు అదే చాలు, ఆగిపోతాను."

"అయితే సోమవారం పొద్దున తనని ఆ గేటులో దింపి, అటునుంచి అటే ఆటకి బయల్దేరతాం. అంతేనా? తను లోపల బిక్కుబిక్కుమంటూ ఉంటే మనం సముద్రం గాలి పీలుస్తూ బంతులు కొట్టుకోవడం. దీనికి నీకు మనసెలా వస్తోంది బావా?"

"రావడం లేదనే కదరా ఇదంతా. ఇంతకు ముందు రెండుసార్లు తీసుకెళ్ళాను, నీకు తెలీదు. మొదటిసారి దింపి వచ్చి, షాపు తెరిచి, చీకటి పడకముందే వెళ్ళి తెచ్చేసుకున్నాను. రెండోసారి గేటు దాకా కూడా వెళ్ళలేదు, నది వంతెన మీద కారు తిప్పేశాను. అక్కడి పెద్ద నర్సు నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పింది. కొత్తచోటు అలవాటు కావాలంటే మొదటి తొమ్మిది రోజులు ఇంటివాళ్ళు కంటపడకూడదట. మీరు వస్తూ పోతూ ఉంటే ఆవిడ జన్మలో కుదురుకోదు, రెండు చోట్లా పరాయిదైపోతుంది అంది. ఇంట్లో కూర్చుంటే నేను తొమ్మిది రోజులు కాదు, తొమ్మిది గంటలు ఆగలేను. దగ్గర కోర్సుకి వెళ్తే గంటలో ఆ గేటు ముందుంటాను."

"అందుకా, ముందు దూరానిది?"

"ఆ కాగితంలో నంబర్లు నేను చూడలేదు. ఎక్కడి నుంచి వెనక్కి రావడం కష్టమో అది చూశాను. పదకొండు గంటలు. ఆట నువ్వు ఆడుకో, నాకు ఆట వద్దు. దారిలో నేను ఏడ్చినా, తిట్టినా, నీ కాళ్ళు పట్టుకున్నా బండి వెనక్కి తిప్పని డ్రైవరు కావాలి."