ఆకు నీడ

ఈక్వడార్ కొండల్లో, మబ్బు దిగే అడవి పక్కన ఒక వంటిల్లు. తెల్లవారితే అందరూ తమవాళ్ల సమాధులకు వెళ్లే పండుగ. తర్హేలియా రేపటికోసం పండ్లూ పిండీ కలిపిన ఊదారంగు పానీయం, కొలాదా కాస్తోంది. భర్త చెల్లెలి కొడుకు, తన చేతుల్లో పెరిగిన సెగుండో గడప మీద కూర్చున్నాడు.

"పిట్టగూడు పోయిన రోజు నువ్విక్కడే ఉన్నావు కదరా సెగుండో."

"ఉన్నానత్తయ్యా. ఇప్పుడెందుకది?"

"నీ ఫొటో ఆ రోజు తీసిందేగా, అందుకని. మీ మామయ్య పోయి రెండేళ్లయింది, సమాధి మీద పేరు తప్ప ఏమీ లేదు. ఆ పిట్ట ఫొటో పింగాణీ పలక మీద వేయిద్దాం. సాయంత్రంలోపు ఇస్తే రేపటికి చేసిస్తానన్నాడు పలకలు చేసేవాడు."

"వేరేది ఇద్దాం. బళ్లో పిల్లలతో తీయించుకున్నది లేదూ?"

"అందులో ఆయన కళ్లు మూసుకున్నారు."

"సైకిలు మీద ఉన్నది?"

"అందులో సైకిలే కనపడుతుంది. ఏం, బహుమతి వచ్చిన ఫొటో ఇవ్వడానికి సిగ్గా? హమ్మింగ్‌బర్డ్ రెక్కలో ఈకలు లెక్కపెట్టుకోవచ్చని ఊరంతా చెప్పుకున్నారు."

"అదంతా ఫ్లాష్‌లది. పువ్వుకి రెండు, పైనుంచి రెక్కలకి రెండు, వెనక కట్టిన ఆకుపచ్చ గుడ్డకి ఒకటి. ఎవరు పెట్టినా వస్తుంది."

"పిట్టల కోసం వేలాడదీసిన పంచదార నీళ్ల సీసాలన్నీ దాచేశావు. ఒక్క పువ్వులో సూదితో నీళ్లు ఎక్కించావు. ఇంకెక్కడా దొరక్క పిట్టలు దాని దగ్గరికే రావాలి. కిటికీలోంచి చూసి మీ మామయ్య ఏమన్నారో తెలుసా?"

"ఏమన్నారు?"

"వీడు నా దగ్గర చదివినవాడే, లెక్క దొంగదారిన చేసి జవాబు మాత్రం సరిగ్గా రాస్తాడు అన్నారు."

"మాడు వాసన వస్తోందత్తయ్యా."

"నవ్వవేం? ఇలా వచ్చి గరిటె తిప్పు, అడుగంటుతోంది. చివరి నెలంతా ఆయన మంచానికి ఎదురుగా ఆ ఫొటోయే."

"తెలుసు. మేకు కొట్టింది నేనే."

"ఒకరోజు అడిగారు. పిట్ట ముక్కు పువ్వులో లేదేమిటి, పైకి చూస్తోందేమిటి అని. సెగుండోని అడగండి అన్నాను. అడిగారా?"

"అడిగారు."

"ఏం చెప్పావు?"

"తాగేసి వెళ్లిపోతోందన్నాను."

"అంతేనా?"

"అంతే. అత్తయ్యా, ఆ ఫొటో వద్దు."

"ఎందుకొద్దో చెప్పు."

"వద్దంటే వద్దు. వదిలెయ్."

"వదలను. చెప్పు."

"అది... అది పువ్వు కోసం రాలేదు. పువ్వు పైన ఒక ఆకుండేది. ఆకు కొస కింద గూడు. ఆకు లేకుండా పోయాక కూడా తల్లి అక్కడికే వచ్చింది. గూడున్న ఎత్తుకి సరిగ్గా వచ్చి, ఖాళీ గాల్లో నిలబడింది. అలా మూడుసార్లు వచ్చింది. మూడోసారి ఫొటో తీశాను."

"ఆకు ఏమైంది?"

"నీడ పడుతోంది. వెనక గుడ్డ మీద నల్లగా, అడ్డంగా. ఫ్లాష్ అటు జరిపాను, ఇటు జరిపాను, పోలేదు. పోటీకి ఆఖరి రోజు. కోసేశాను."

"కింద చూడకుండానే?"

"ఆకు ముట్టుకునే ముందు కింద చూడండని, పిట్టల్ని చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి."

"నువ్వు చూశావా, లేదా?"

"కోశాక చూశాను. చేతికి వెచ్చగా తగిలింది. రెండు పిల్లలు."

"బతికే ఉన్నాయా?"

"ఒకటి. ఆకుని దారంతో పక్క కాడకి కట్టాను అత్తయ్యా, నిజంగా కట్టాను. తల్లి అటు రాలేదు. పాత చోటే వెతుక్కుంది."

"దారం కట్టిన చేత్తోనే మళ్లీ కెమెరా పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను."

"తర్వాత?"

"సాయంత్రానికి రెండోదీ పోయింది. ఆకుతో సహా వాగులో వదిలేశాను. ఇంట్లోకి వచ్చి మీ ఇద్దరితో, గూళ్లు దోచే టూకాన్ పిట్ట ఎత్తుకెళ్లిందన్నాను."

"టూకాన్ వస్తే వాయించి తరమడానికి మీ మామయ్య మూతా గరిటే ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేవారు. ఆ మధ్యాహ్నమే ఆయనకి కునుకు పట్టింది."

"తెలుసు."

"పోయేదాకా అదే మాట. నేను నిద్రపోయాను తర్హేలియా, రెండు ప్రాణాలు పోయాయి అని. చివరికి పాదిరిగారి దగ్గర కూడా అదే పాపమని చెప్పుకున్నారు."

"తెలుసత్తయ్యా. తలుపవతలే నిలబడి విన్నాను. లోపలికి రాలేకపోయాను. రేపు చెప్పేస్తాను. సమాధుల దగ్గర అందరూ తమవాళ్లతో మాట్లాడుకుంటారుగా, నేనూ మామయ్యతో చెప్తాను, అందరికీ వినపడేలా. నువ్వు నన్ను ఏమన్నా అను. కొట్టు."

"నేనేమంటాను? గూడు పోయిన మర్నాడు పొద్దున్నే ఆ మొక్క దగ్గరికి వెళ్లాను. కాడ నున్నగా తెగి ఉంది. టూకాన్ ముక్కుకి అలా తెగదు. పక్క కాడకి దారం ముడి ఉంది, నా కుట్టుపెట్టెలో దారం."

"అంటే... నీకు మొదట్నించీ తెలుసా?"

"ఆ ఫొటోయే కావాలని పట్టుబడితే నోరు విప్పుతావనుకున్నాను."

"మరి మామయ్యకి చెప్పలేదేం?"

"నీ మాట ఆయన నమ్మలేదురా. పాఠం చెప్పిన పిల్లాడు అబద్ధమాడితే తెలియదా? ఆ మర్నాడే నన్నడిగారు. నిజం చెప్పు, టూకానేనా, నువ్వు చూశావా అని. నువ్వు నేను పెంచిన పిల్లాడివి. చూశానన్నాను. నా కళ్లతో చూశానన్నాను. అప్పుడు నమ్మారు."

"అత్తయ్యా..."

"నువ్వు ఇవాళ నాతో చెప్పావు, రేపు ఆయనతో చెప్తావు. నేను పోయినేడు కూడా వెళ్లి కొలాదా పోశాను, రొట్టెబొమ్మ పెట్టాను, ఊళ్లో సంగతులన్నీ చెప్పాను. నేను చూడలేదన్న ఆ ఒక్క మాటా ఇంకా చెప్పలేదు."