బావ పేరు మీద నా ఛాతీ ఫోటో

నా వయసు ముప్పై ఒకటి. ఛాతీ ఆసుపత్రిలో ఎనిమిదేళ్లుగా ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఇంట్లో చిన్నా అంటారు, ఆసుపత్రిలో అందరూ ఎక్స్‌రే అనే పిలుస్తారు. అక్క, బావలతో కలిసి వాళ్లింట్లోనే, మేడ మీద గదిలో ఉంటున్నాను. ఈ రోజు శనివారం, 29వ తేదీ, ఉదయం 9.20కి నా అంతట నేనే ఈ స్టేషనుకు వచ్చాను. నన్నెవరూ తీసుకురాలేదు. ఎవరూ బెదిరించలేదు. బావ కూడా బెదిరించలేదు. ఈ సంగతి రాసుకోవాలని కోరుతున్నాను.

నా తొమ్మిదో ఏట అమ్మా నాన్నా ఒకే ప్రమాదంలో పోయారు. అప్పటినుంచి అక్కే పెంచింది. అక్కకిప్పుడు నలభై రెండు, బట్టల కంపెనీలో కటింగ్ పని చూస్తుంది. బావకు నలభై ఆరు, డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. పెళ్లికి ముందు అక్క ఒక్కటే షరతు పెట్టింది, తమ్ముడు మనతోనే ఉంటాడని. బావ సరేనన్నాడు. ఇరవై ఏళ్లలో ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకిది ఇంత కష్టమయ్యేది కాదు.

రెండేళ్ల క్రితం కారు తుడుస్తుండగా బావకు ఛాతీలో నొప్పి వచ్చింది. కుడి ఊపిరితిత్తిలోంచి గాలి కారి అది ముడుచుకుపోయింది. పక్కటెముకల మధ్య గొట్టం వేసి ఆరు రోజులు ఉంచారు. అది వేరే ఆసుపత్రి. మా దగ్గర ఆ కాగితాలు లేవు. నయమైందన్నారు. ఆ తర్వాత అక్క ఆయన్ను బరువు ఎత్తనివ్వలేదు. దగ్గితే చాలు, చేతిలో పని వదిలేసి వచ్చేది. "మీ అక్క నన్ను గాజు గ్లాసులా చూస్తోందిరా" అని బావ నవ్వేవాడు. రెండేళ్లూ అదే మాట, అదే నవ్వు.

నాలుగు నెలల క్రితం ఒక ఆదివారం బావ భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఒక దీవి దేశం ఫోటోలు చూపించాడు. రెండు విమానాలు మారి వెళ్లాలి. పెళ్లయి ఇరవై ఏళ్లయిందని అక్కడికి వెళ్లి స్కూబా డైవింగ్ చేద్దామన్నాడు. వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం లోపలికి దిగడం.

అక్క అంది, "నాకు బకెట్లో నీళ్లు నిండుగా ఉంటేనే భయం."

"అందుకే ముందు ఇక్కడ నేర్చుకుందాం. ముగ్గురం."

"నేనెందుకు బావా, మీరిద్దరూ వెళ్లండి" అన్నాను.

"బామ్మర్ది లేకుండా మేమెప్పుడు ఎక్కడికెళ్లాం?" అన్నాడు. అప్పటికే మూడు టికెట్లు తీశాడు.

అక్క పెళ్లయ్యాక విహారానికని ఎక్కడికీ వెళ్లలేదు. నెల తిరిగేసరికి భయం పోయింది. చేపల బొమ్మలు ఫ్రిజ్ తలుపుకు అంటించి వాటికి తనే పేర్లు పెట్టింది. మూతి ముడుచుకున్న ఒక చేపకు మా మేనేజరు అని పెట్టింది. వంట చేస్తూ వాటితో మాట్లాడేది. నేను మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచిన ప్రతిసారీ ఆ చేపల్ని చూడాల్సి వచ్చేది.

డైవింగ్ కంపెనీవాళ్లు ఒక ఫారం పంపారు. ఊపిరితిత్తి ఎప్పుడైనా ముడుచుకుపోయిందా అని అందులో ఒక ప్రశ్న ఉంది. బావ లేదని టిక్కు పెట్టాడు. నేను పక్కనే కూర్చున్నాను. ఏమీ అనలేదు. వయసు నలభై ఐదు దాటినందుకు, ఒకప్పుడు సిగరెట్లు తాగినందుకు డాక్టరు ధ్రువపత్రం కావాలన్నారు. దానికి ఛాతీ ఎక్స్‌రే కావాలి.

ఈ నెల 6వ తేదీ గురువారం 11.15కి బావ మా ఆసుపత్రికి వచ్చాడు. నేనే తీశాను. తెర మీద చూడగానే నాకు అర్థమైంది. కుడి ఊపిరితిత్తి పై కొసన నిమ్మకాయంత గాలి బుడగ ఉంది. నేను డాక్టర్ని కాను. కానీ ఎనిమిదేళ్లుగా ఇవే చూస్తున్నాను. ఇలాంటివాళ్లు నీళ్ల అడుగునుంచి పైకి వస్తుంటే ఆ గాలి ఉబ్బి ఊపిరితిత్తి పగలవచ్చు.

ఎక్స్‌రే గదికి కిటికీ ఉండదు. తలుపులో సీసపు రేకు ఉంటుంది, మూస్తే బయటి చప్పుడు వినపడదు. బావే వెళ్లి తలుపు మూసి వచ్చాడు. నేను తెర మీద చూపించాను. చాలాసేపు చూశాడు.

"నీది తీసి నా పేరు పెట్టెయ్."

"అలా కుదరదు బావా. ప్రాణం మీదికి వస్తుంది."

"పది మీటర్లు దిగి పైకొస్తాను, అంతే. చిన్నా, రెండేళ్లుగా నేను మంచానికి కట్టేసిన మనిషిలా బతుకుతున్నా. ఈ ఫోటో మీ అక్క చూసిందంటే ఇక స్టీరింగ్ కూడా పట్టుకోనివ్వదు. అది బతుకేనా? నిన్ను నేనెప్పుడూ ఏమీ అడగలేదు."

నిజమే. ఎప్పుడూ ఏమీ అడగలేదు.

మర్నాడు శుక్రవారం 2.40కి కంప్యూటర్లో బావ పేరు, వయసు ఎక్కించి నేను యంత్రం ముందు నిలబడ్డాను. నాతో పనిచేసే టెక్నీషియన్‌ను పిలిచి, దగ్గు తగ్గడం లేదు, ఒకటి తియ్యమ్మా అన్నాను. ఆమె స్విచ్ నొక్కి వెళ్లిపోయింది. తెర మీద ఎవరి పేరుందో చూడలేదు. ఆమెకేమీ తెలియదు. బావ అసలు ఫోటోను కంప్యూటర్లోంచి తీసేశాను. అంతకుముందే దానికి ఒక ఫిల్ము తీసి ఆసుపత్రిలో నా అల్మరాలో దాచుకున్నాను. ఎందుకు దాచానో అప్పుడు నాకే తెలియదు.

10వ తేదీన డాక్టరుగారు నా ఫోటో చూసి బావకు సంతకం చేసి ఇచ్చారు. గొట్టంలో ఊదే పరీక్ష బావ తనే నెగ్గాడు. డాక్టరుగారిని నేను మోసం చేశాను.

ఆ తర్వాత ఆదివారాలు ముగ్గురం డైవింగ్ నేర్చుకోవడానికి ఈత కొలనుకు వెళ్లేవాళ్లం. నీళ్లలో ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదని అక్కడి శిక్షకుడు చెప్పేవాడు. నేను రోజుకు అరవై మందికి ఊపిరి బిగబట్టండి అని చెబుతాను. 23వ తేదీ ఉదయం 8.30 ప్రాంతంలో శిక్షకుడు నాలుగు మీటర్ల అడుగున ఒక రబ్బరు బుడగను గాలితో నింపి మూతి కట్టి వదిలాడు. అది పైకి వస్తూ ఉబ్బింది. ఇంకా ఉబ్బింది. నీళ్ల పైకి రాగానే పగిలింది. బావ నా వైపు చూశాడు. నేను బావ వైపు చూశాను. అక్క మాత్రం చప్పట్లు కొట్టి, "మళ్లీ ఒకసారి చూపించండి" అని అడిగింది. శిక్షకుడు మళ్లీ చూపించాడు.

24వ తేదీ ఉదయం కారు షెడ్డులో, అక్కకు చెప్పేస్తానని బావతో అన్నాను. ఆయన గొంతు పెంచలేదు. "చెప్పు. కానీ ముందు పోయేది నీ ఉద్యోగమే. అది నేను చేసేది కాదు, ఉన్న మాట. మీ అక్కకు మనిద్దరం ఒకేసారి దొంగలమవుతాం." నా చొక్కా కాలరు సరిచేసి, పనికి పొమ్మన్నాడు.

నా పేరు రాయకుండా, బావ ఊపిరితిత్తి సంగతి చెబుతూ డైవింగ్ కంపెనీకి మెయిల్ పంపాను. మీ ప్రయాణం ఆనందంగా సాగాలని కోరుతున్నాం అని జవాబు వచ్చింది. యంత్రం పంపిన జవాబనుకుంటాను. ధ్రువపత్రం ఇచ్చిన డాక్టరుగారు సెలవులో ఉన్నారు. 26వ తేదీ సాయంత్రం అక్క పెట్టె సర్దుతుంటే చెబుదామని వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. నేను నోరు తెరిచేలోపే అక్క అంది, "చిన్నా, ఈమధ్య మీ బావ దగ్గినా నేను లేచి పోవడంలేదు, గమనించావా? డాక్టరు రాసిచ్చాక నాక్కూడా నిద్ర పడుతోంది." నేను పెట్టె జిప్పు వేసి పైకి వచ్చేశాను.

ఈ రోజు విమానం 4.50కి. టాక్సీని ఒంటిగంటకు రమ్మన్నారు. ఉదయం 8.50కి, పడవలో వాంతులు కాకుండా మాత్రలు తెస్తానని చెప్పి బయటికి వచ్చాను. ముందు ఆసుపత్రికి వెళ్లి అల్మరాలో ఫిల్ము తీసుకున్నాను, నా ఫోటోకు కూడా ఒక ఫిల్ము తీశాను. మందుల షాపు ఈ స్టేషను పక్కనే. మాత్రలు కొన్నాను. ఇప్పటికీ జేబులోనే ఉన్నాయి. ఇంట్లో చెబితే బావ నవ్వి తీసిపారేస్తాడు. కాగితం మీద రాస్తే ఎవరూ నవ్వి తీసిపారేయలేరని లోపలికి వచ్చి రెండు ఫిల్ములూ ఇచ్చాను.

ఇన్‌స్పెక్టరు గారు ఫోను చేసి ఇద్దర్నీ పిలిపించారు. 10.35కి వచ్చారు. బావ కుర్చీలో కూర్చుని నెమ్మదిగా చెప్పాడు, "వాడికి విమానమంటే భయం సార్. ప్రయాణం ఆపాలని కథ అల్లుతున్నాడు. డాక్టరు చూసిన ఫోటో నాదే. రెండోది ఎవరిదో నాకు తెలియదు."

డాక్టరు చూసిన ఫోటో మీద బావ పేరే ఉంది, నేను దాచిన ఫిల్ము మీద ఏ పేరూ లేదు. దొరికిపోతానన్న భయంతో ఆ రోజు దాని మీద పేరు నేనే వేయలేదు. దాంతో రెంటిలో ఏది ఎవరిదో రుజువు చేయడానికి నా దగ్గర నా మాట తప్ప ఏమీ లేదు.

అక్క లేచి, డాక్టరు చూసిన ఫోటోను కిటికీ వెలుతురుకు పట్టుకుంది. ఎడమ భుజం దగ్గర, మెడ కింది ఎముక మీద వేలు పెట్టింది. అక్కడ ఎముక విరిగి అతుక్కున్న ముడి ఉంది.

"ఇది వీడి ఎముక. పదేళ్లప్పుడు గోడ మీంచి పడ్డాడు. నలభై రోజులు చెయ్యి మెడకు కట్టి నేనే అన్నం తినిపించాను" అంది. తర్వాత బావను అడిగింది, "ఇది మీది కాదని మీకు తెలుసా?"

బావ ఫోటో కోసం చెయ్యి చాపాడు. అక్క ఇవ్వలేదు.

నన్ను అడిగింది, "నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఇరవై మూడు రోజులు" అన్నాను.

"ఇరవై మూడు రోజులు" అంది అక్క. "నేను చప్పట్లు కొట్టిన రోజు కూడానా?"

అవునన్నాను. అక్క చేతిసంచిలోంచి మూడు పాస్‌పోర్టులు తీసి ఇన్‌స్పెక్టరు గారి బల్ల మీద పెట్టింది. సాయంత్రం ఐదు దాటేదాకా ఇవి ఇక్కడే ఉంచుకోండి అంది. ఆ తర్వాత బావతో గానీ నాతో గానీ మాట్లాడలేదు. ఇద్దరూ బయట బెంచీ మీద చెరో చివర కూర్చుని ఉన్నారు. ఇది చెబుతుండగా ఒంటిగంటకు బావ ఫోను మోగడం నాకు వినిపించింది. టాక్సీ అతనై ఉంటాడు. బావ ఎత్తలేదు.

ఆసుపత్రి నామీద ఏ చర్య తీసుకున్నా ఒప్పుకుంటాను. ఈ రోజు ఏ ఇంటికి వెళ్లాలో నాకు తెలియదు.

నేను చెప్పినదంతా రైటరు గారు రాసి చదివి వినిపించారు. ఫోటో పొరపాటున మారిందని ఒకచోట రాశారు. అలా ఉంటే నీకే మంచిది బాబూ అన్నారు. ఆ మాట కొట్టేయించాను. తెలిసే మార్చాను. కొట్టేసిన చోట పక్కన చిన్న సంతకం, ఇక్కడ పూర్తి సంతకం చేస్తున్నాను. మిగిలిన ప్రతి మాటా జరిగినది జరిగినట్టే ఉంది.

(సంతకం)
29వ తేదీ, శనివారం, మధ్యాహ్నం 1.25