తిరుచానూరుకు మూడు సంచులు

"అవ్వా, అమ్మవారిని సూసేదానికి పోతా మూడు ఖాళీ సంచులెందుకు?"

అడిగినావా. మీ నాయన సెప్పొద్దన్నాడు, అందుకే సెప్తా. ఫోన్లో రికార్డు సేసుకుంటే సేసుకో గాని మీ అమ్మకు ఇనిపియ్యొద్దు. ఆమె గూడా ఇందులో దొంగే, కాకపోతే ఆమెకు మానం జాస్తి. కూసో, బస్సుకు ఇంకా అరగంట ఉండాది, మునెమ్మ రావాల.

మొదలు మునెమ్మ సంగతి సెప్పాల. లేదు లేదు, మొదలు కొసరు సంగతి సెప్పాల, అది లేకపోతే మునెమ్మ సంగతి నీకు అర్థం గాదు. మన అంగడి మీ తాత పెట్టినాడు గదా, నేను ఈ వడమాలపేటకు కాపురానికొచ్చిన రెండో ఏట. అప్పుడు కందిబేడలు కిలో రెండు రూపాయలు. ఆ, రెండున్నర. రెండుండింది నా పెండ్లి నాటికి. ఏదో ఒకటిలే, ఇప్పుడు కిలో బేడలకు పోసే దుడ్లతో అప్పుడు ఈదికంతా సాంబారు పెట్టొచ్చు. మీ తాత తూకం అంటే తూకమే, ఒక గింజ ఎక్కువ పోనియ్యడు. నేనేం సేస్తానంటే, ఆయన తూసి పొట్లం కట్టేలోపల డబ్బాలో సెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసి మీద ఏస్తా. బొరుగులకు బొరుగులు, బెల్లానికి బెల్లం ముక్క, ఏదీ కుదరకపోతే రవ్వంత పప్పులు. ఏయించిన పప్పులు మే, చట్నీకి ఏస్తామే అవి. అదీ కొసరు. మీ తాత పండ్లు కొరికేవాడు, "అంగడి నీ పుట్టింటోళ్లు ఇచ్చినారా" అని. ఇచ్చింది వాళ్లే, అది మర్సిపోతాడు. పాపం, పోయినాడు, ఇప్పుడు ఎన్ని పిడికిళ్లు ఏసినా అడిగేదానికి లేడు.

మునెమ్మ నలభై ఏండ్లు మన అంగడి తప్ప ఇంకో అంగడి మెట్టు ఎక్కలే. ఈది సివర ఇల్లు, నాకంటే రెండేండ్లు సిన్నది. నెల సరుకు తీసుకొని, అంతా అయినాక కొంగు పట్టుకొని నిలబడేది. కొసరు పడితే గాని కదలదు. ఇంటిదాకా గూడా పోనియ్యదు, దావలోనే తినేస్తాది. పండ్లు ఊడిపోయినాక గూడా మానలే, పప్పులు దవడకు పెట్టుకొని నానబెట్టి నానబెట్టి తినేది.

ఆ మార్టు పడింది గదా తిరుపతిలో, పేరు నాకు నోరు తిరగదు. ఒకటి కొంటే ఒకటి ఊరికే అని గోడకంతా రాసుంటాదే, అది. అది వచ్చినాక మన అంగట్లో మునెమ్మ కొనేది అగ్గిపెట్టె, కర్పూరం, ఉప్పు. "ఏం మునెమ్మా, ఇంట్లో పొయ్యి ముట్టించేది మానేసినారా" అంటే, "వయసైపాయె గదక్కా, తిండి తగ్గిపోయినాది" అంటాది. తిండి తగ్గిన మనిసి ఎట్లుంటాదో నాకు తెలీదా మే? ఆ యమ్మ రైకల కుట్లన్నీ ఇప్పించుకోని తిరగతాండాది.

ఇంకోటి, నెల నెలా మొదటి శుక్రారం తిరుచానూరుకు పోతాననేది, ఇంత సంచి సంకన పెట్టుకోని. సాయంత్రం బస్సు దిగి నేరుగా అంగడి దగ్గరికొచ్చి, "అక్కా, అమ్మవారి కుంకం" అని నా నొసట పెట్టేది. నేనేమో కండ్లు మూసుకొని దండం పెట్టేది. రెండేండ్లు పెట్టినా మే.

అట్లుంటే, ఎవురో వచ్చి సెవిలో ఏసినారు, మునెమ్మ సంచిలో మార్టు సరుకులు సూసినామని. నాకు కడుపు మండిపోయింది. అబద్ధం సెప్పిందని గాదు, మా అంగడి వద్దనుకునిందని. ఆ మర్నాడే వచ్చినాది, పావుకిలో బెల్లం తీసుకొని, ఎప్పటిమాదిరే కొంగు పట్టినాది. నేను డబ్బాకు మూత పెట్టేసినా. "కొసరు నెల సరుకు తీసుకునేవాళ్లకు" అన్నా. నేనే అన్నా పాపా, ఈ నోటితోనే. అంత పిసినారి మీ తాత గూడా ఏనాడూ ఆ మాట అనలే. ఆ యమ్మ పట్టిన కొంగు అట్లే నడుముకు దోపుకొని పోయింది. ఆర్నెల్లు రాలే. అగ్గిపెట్టెకు గూడా రాలే.

నువ్వప్పుడు హాస్టల్లో ఉంటివి. నూనె ధర ఒక్కసారిగా ఎక్కి కూసునింది గదా, ఆ దినాలు. మీ నాయన ఒకనాడు తల పట్టుకొని వచ్చినాడు. "అమ్మా, మనకు హోల్‌సేల్లో పడే ధరకంటే ఆ మార్టులో అమ్మే ధరే తక్కువుండాది" అన్నాడు. అంగడోడు అంగడికి పోయి సరుకు కొనుక్కొచ్చి అంగట్లో అమ్మేది, ఇట్లాంటిది నేను యాడా ఇనలే. కాని ఏం సేస్తావు, నూనె లేని అంగడికి ఎవురొస్తారు. ఆడ మళ్లా ఒక మెలిక, మనిసికి రెండు ప్యాకెట్లే. అందుకని మీ నాయన, మీ అమ్మ, నేను, ముగ్గురం బయల్దేరినాం. లోపల ఒకరికొకరు తెలీనట్ల ఉండాలని మాట. తాళం ఏస్తా ఉంటే ఎదురింటాయన అడిగినాడు, అంతా యాడికని. నా నోరు ఊరుకుంటాదా, "తిరుచానూరుకు" అనేసినా.

లోపల సలి. ఈదంత పొడుగు అంగడి. మీ నాయన ఒక పక్క, మీ అమ్మ ఒక పక్క, మొగుడూపెండ్లాలు మొకాలు తిప్పుకొని పోతాండారు, నిజంగా కొట్లాడుకున్నట్లే. నేను నాలుగు ప్యాకెట్లు ఏసుకున్నా. రెండంటే రెండేనా, ముసలిదాన్ని సూసి వదిలేస్తార్లే అని. ఆడ ఒక పాప సింతపండు తూస్తాండాది. అరకిలో తూసి, పేపరు అంటించి సేతికిచ్చింది. నేను నాకు తెలీకుండానే కొంగు పట్టినా.

"ఏందవ్వా?" అనింది.

"కొసరు" అన్నా.

ఆ పాప మిషనుకల్లా సూసింది, నాకల్లా సూసింది. "అది మిషన్లో లేదవ్వా" అనింది. మంచి పిల్లే, ఎగతాళిగా అనలే. కాని నేను ఇచ్చేదే గాని ఒకరిని అడిగింది అదే మొదలు. పట్టిన కొంగు ఏం సేసుకోవాల్నో తెలీలే. వదిలితే సిగ్గు, పట్టుకొని ఉంటే సిగ్గు. మునెమ్మకు ఆ దినం ఎట్లుండిందో నాకు ఆడ తెలిసింది. కండ్లల్లో నీళ్లు తిరిగినాయి, సింతపండు దగ్గర నిలబడి.

ఎనక్కి తిరిగితే మునెమ్మ. బండి తోసుకొని వచ్చి నిలబడుండాది, అంతా సూసేసింది. ఆ బండిలో రవ్వ, సబ్బులు, బిస్కట్లు, వాటిమీద ఎర్రగా ఒక ప్యాకెట్టు. కుంకం. మార్టు కుంకం. రెండేండ్లు నేను కండ్లు మూసుకొని దండం పెట్టింది ఆ ప్యాకెట్టుకు.

"దర్శనం అయిందా అక్కా?" అనింది.

"ఇదో, ఇప్పుడే అమ్మవారు ఎదురొచ్చినాది" అన్నా.

బిల్లు కాడ ఆ పిలగాడు నా నాలుగు ప్యాకెట్లలో రెండు తీసి పక్కన పెట్టేసినాడు, ముసల్దానికి వదిలేది లేదంట. నా ఎనకాలే మునెమ్మ. సెయ్యి సాపి, "ఆ రెండు నాకెయ్యి నాయనా" అనింది. బయటికొచ్చి నా సంచిలో పెట్టింది. దుడ్లు అడిగి తీసుకునింది లే, మునెమ్మ అంటే మునెమ్మే. అయినా ఆర్నెల్లు మొకం సూడని మనిసి.

మెట్ల మీద కూసున్నాం. నేను అంగడికని పప్పుల ప్యాకెట్టు ఒకటి తీసుకునింటి. పండ్లతో సించి, ఒక పిడికెడు తీసి, "కొంగు పట్టు" అన్నా. పట్టలే. నేనే మళ్లా అన్నా, "తప్పు నాదే మునెమ్మా, పట్టు." అప్పుడు పట్టినాది. ఏసినా. సూసుకొని, "ఒక పిడికెడేనా? ఆర్నెల్లాయె గదక్కా" అనింది. ప్యాకెట్టంతా ఒంపినా. మీ నాయన దూరం నుంచి సూసి పండ్లు కొరకతాండాడు, అచ్చం మీ తాతే.

ఇద్దరం ఆ తల్లి పేరు సెప్పి వచ్చినాం గదా, బయమేసి ఆటో ఎక్కి నిజంగానే తిరుచానూరుకు పోయినాం. మీ అమ్మానాయన్లు నూనె సంచులు పెట్టుకొని బయట కూసున్నారు. ఆ తల్లి ముందర నిలబడితే మాకు నవ్వు ఆగలే. ఎనక ఉన్నోళ్లు ఎవురో తోసేసినారు. అప్పటి నుంచి ఇదే పద్ధతి, మొదటి శుక్రారం మొదలు మార్టు, తర్వాత అమ్మవారు. కుంకం మాత్రం గుడిదే, అది నేను పెట్టిన షరతు. ఉప్పుకు, అగ్గిపెట్టెకు మన అంగడికే వస్తాది. కొసరు అగ్గిపెట్టెకు గూడా ఇస్తా.

అదో, దగ్గు ఇనపడతాండాది, వచ్చేసినాది. ఆ సంచులియ్యి. సల్లగా ఉండు తల్లీ. నువ్వు సదివి ఏ మార్టులో కొంటావో, ఏ ఫోన్లో తెప్పిచ్చుకుంటావో, కొనుక్కో, నేనేమన్నా అంటానా. ధరలు ఎంత పెరిగినా నీ పిడికిలి మాత్రం సిన్నది కాకుండా ఉండాల. ఎవురన్నా నీ ముందర కొంగు పట్టి నిలబడితే మూత పెట్టొద్దు పాపా, నేను పెట్టి సూసినా. ఎదురింటాయన అడిగితే అవ్వ తిరుచానూరుకు పోయినాదని సెప్పు. అబద్ధం గాదు గదా... వస్తాండా మునెమ్మా, వస్తాండా, సెప్పులు ఏసుకోనీ...