సేల్ అయ్యాకైనా సరే

హలో… ఆ, నేనే. టీచర్నే… చెప్పు, తొందరబాబూ… అలా పిలవకూడదేమో, ఇప్పుడు అంత పెద్ద షాపుకి మేనేజరువి… సరేలే. ఆరో తరగతిలో అందరికంటే ముందు పేపరిచ్చేసి కిటికీ దగ్గర నిలబడేవాడివి. ఆ పేరు నేనే పెట్టాను.

ఆ… ఆయన పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు… తింటున్నాను. వేళకే తింటున్నాను.

మీ షాపు కూపనా? వచ్చింది. కవరు మీద బంగారు రంగులో ‘మీ వారి మృతికి మా సానుభూతి’ అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో ‘సేల్ ముగిసేవరకే చెల్లుతుంది’ అని… లేదు, కోపం కాదు. చదివాక చేతులు కడుక్కున్నాను, అంతే.

ధరల స్టిక్కర్లు అంటించే మిషనా?… ఇక్కడే ఉంది, ఆయన సంచిలో. చొక్కా జేబుకి ఇంకా రెండు అంటుకునే ఉన్నాయి. పాత ధర కొట్టేసి, కొత్త ధర ఎర్రగా… ఆ పాత ధరకి ఎన్నడూ అమ్మలేదట కదా. సేల్‌కి వారం ముందు మీరే పెంచి అంటిస్తారట… ఆయనే చెప్పారు. చెప్పి, సిగ్గుపడి, టీవీ సౌండు పెంచుకున్నారు.

ఇస్తాను. ముందు ఆయన సెలవు చిట్టీ ఇవ్వు… అదే. గుండె డాక్టరుకి చూపించుకోవాలని రెండు రోజులు సెలవడిగిన చిట్టీ… ఫైల్లో వెతుకు. ఆగుతాను.

…

దొరికిందా. దాని మీద ఏం రాశావు?… ‘చూద్దాం’… ఎర్ర సిరాతోనా… ఊఁ.

ఏమిటీ? గొణక్కు… ఆయనే అలా రాశారంటావా. చదువు. చివరిదాకా… ‘వీలు కాకపోతే, సేల్ అయ్యాకైనా సరే.’

…

ఆ వాక్యం ఆయనది కాదు, బాబూ. నాది. ‘నాకు ఆయాసంగా ఉంది, సెలవు కావాలి’ అని రాసుకొచ్చి, సరిగ్గా ఉందా అని నాకు చూపించారు. మరీ మొరటుగా ఉంది, మర్యాదగా ఈ మాట చేర్చండి అన్నాను. మీ క్లాసుకి నేర్పినట్టే నేర్పాను.

అప్పుడు సేల్ వారమేగా అనుకున్నాను… మా పెళ్ళైన కొత్తలో మూడు రోజులే ఉండేది. మూడు రోజులూ వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవారు, నాలుగో రోజుకి మళ్ళీ మనిషయ్యేవారు. మరి ఈసారో? ముందస్తు సేల్ అన్నారు, అసలు సేల్ అన్నారు, ఆఖరి అవకాశం అన్నారు… ఆ ఆఖరిదాని తర్వాత వచ్చిందేమిటి?… ‘ఇంకా ఉంది’. ఆ పేరు నువ్వే పెట్టావా?… అందులోనే కదూ, మీ మెట్ల మీద కూలిపోయారు. జనం ఆయన్ని దాటుకుని పై అంతస్తుకి వెళ్ళారట… నువ్వు చూళ్ళేదా. సరే.

ఏడవకు… ఏడవకని చెప్తున్నానా. అసహ్యం నీ మీదో నా మీదో నాకింకా తేలలేదు.

మనిషిని పంపు. మిషనూ ఇస్తాను, కూపనూ ఇస్తాను. ఆ కాగితం మాత్రం మడవకుండా పంపించు… ఆ.

ఇంకొక్క మాట. సేల్ ఎప్పుడు అయిపోతుంది?

…

అడుగుతున్నాను, చెప్పు.

…

మళ్ళీ పొడిగించారా.

… పెట్టేస్తున్నాను.