డ్రమ్ములో నీళ్లు

"జేజినాయనా, రేపు పంపుహౌసులో డ్యూటీకి చేరతాండా, ఏమన్నా చెప్పు" అంటాండావా? నేనేం చెప్పేదమ్మా, నువ్వు ఇంజినీరు చదివినావు. నేను ముప్పయ్యేండ్లు ఆ మోటరు కాడ కూసోని చెవుడు తెచ్చుకున్నా, అంతే. ఉండు, ఒక్కటి చెప్తా.

పెన్న ఒడ్డున మన పంపుహౌసులో మూలన ఒక తుప్పు డ్రమ్ము ఉండేది. నిండా నీళ్లు. మోటరు ఏసే ముందు ఆ నీళ్లు పంపు కడుపు నిండా పొయ్యాల, లోపలుండే గాలి పోవాల. అప్పుడే స్విచ్చి. వట్టి పంపు తిరిగితే నీళ్లు ఎక్కవు, సీలు కాలి షాఫ్టు పట్టేస్తాది. అందుకే ఎవురొచ్చినా ఆ డ్రమ్ములో చెంబు ముంచనిచ్చేవాణ్ణి కాదు. "పెండ్లాన్ని గూడా ఇంత కాపలా కాయలేదే" అనేది మీ జేజి.

ఆ ఎండాకాలం పంపుహౌసుకు రంగులు ఏసినారు. ఒక పెద్దాయప్ప వచ్చి బటను నొక్కుతాడంట. పేరెందుకులే, ఆయప్ప ఇంట్లో ఫ్యాను స్విచ్చి గూడా పెండ్లామే ఏస్తాదని ఊరంతా తెలుసు. ఆయప్ప బామ్మర్దే కాంట్రాక్టరు. డ్రమ్మును సూసి, "ఏందప్పా ఈ దరిద్రం, ఫోటోలో పడ్తాది" అని నీళ్లు ఒంపించి, డ్రమ్మును పాత సామాన్లోడికి ఇచ్చేసి, ఆడ పూలకుండీలు పెట్టినాడు. ప్లాస్టిక్ పూలు. పంపు నీళ్లు తోడే బావికి గూడా అప్పుడే, చేద దించే సందు లేకుండా సిమెంటు మూత బిగించినారు, అందంగా ఉంటాదని.

"నీళ్లు పొయ్యకుండా నొక్కొద్దప్పా, పంపు కాల్తాది" అని అడ్డం పోయి అరిచినా. "పెద్దాయనా, ఫోటోకు అడ్డమొస్తాండావు" అని గోడకు నెట్టినారు. ఆ పెద్దాయప్ప బటను నొక్కినాడు. పంపు కీచుమని ఏడిచింది. వీళ్లు చప్పట్లు కొట్టినారు. పొగ వచ్చినా కొట్టినారు, సిగ్గులేని నాయాండ్లు.

సాయంత్రానికే ఆఫీసోళ్లు కాగితం రాసినారు, ఆపరేటరు నిర్లక్ష్యం అని. అంటే నేను! మూడు దినాలు ఊర్లో చుక్క లేదు. మన వీధి మస్తాన్‌బీ, ఆ దర్జీ మౌలాలి పెండ్లాం, "పంపు కాల్చినోడు వస్తాండాడు, దావ ఇడవండి" అనింది నా మొగం మీదనే.

మూడోనాడు ప్రొద్దుటూరు మెకానిక్కు వచ్చి సీలూ షాఫ్టూ మార్చి, "ఇంక నీళ్లు పొయ్యండి" అన్నాడు. యాడివి? పెన్నలో ఇసక, కుండీల్లో ప్లాస్టిక్. పిలిపించిన ట్యాంకరు పులివెందుల దావలో పంచరయిందంట. కాంట్రాక్టరు ఫోనెత్తడు.

సిగ్గిడిచి వీధిలోకి పోయినా. "మిగిలిన నీళ్లు బిందెడు బిందెడు ఇయ్యండమ్మా, పంపులో పోస్తా" అన్నా. ఎవురూ కదల్లే. తాగే నీళ్లు, పంపు కాల్చినోడి చేతికి ఎట్లిస్తారు? అప్పుడు మస్తాన్‌బీ లేచింది. ఇంట్లో ఉండే ఒకే బిందె ఎత్తుకోని వచ్చి, "ఇవి గూడా పాడు చేసినావంటే నిన్ను ఆ పంపులో ఏసి తిప్పుతా మామా" అనింది. ఆయమ్మ యెనక ఇంకో పది బిందెలు వచ్చినాయి. పోసినా. గాలి బుడబుడమని పోయింది. స్విచ్చి ఏసినా, నీళ్లు ఎక్కినాయి. దానికి ఫోటో తీసేటోడు ఒక్కడూ రాలేదు.

ఆ కాగితం ఇంగా ఆఫీసు బీరువాలోనే ఉండాది, నా పేరుతో. రేపు నీ కంట పడ్తాది. చింపొద్దు. ముందు మూలన డ్రమ్ము ఉండాదో లేదో సూడు. నిండా ఉండాదో లేదో చెయ్యి పెట్టి సూడు.

సల్లగుండు తల్లీ, నీ చేతి నీళ్లు ఊరంతా తాగాల. ఎవురన్నా పూలకుండీ ఎత్తుకోని వచ్చినారంటే మాత్రం నాకు ఫోన్ చెయ్యి. కట్టె ఎత్తుకోని నేనే వస్తా... యాడ పెట్టినానబ్బా ఆ కట్టె...