లేని నీళ్లకు నిండు మార్కులు

తీరిక చేసుకుని నా ఈ పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న పరీక్షల బోర్డు ప్రాంతీయ అధికారి గారికి, వారి పక్కనే కూర్చుని నేనేం మాట్లాడతానో అని నీళ్ల గ్లాసు వదలకుండా పట్టుకున్న మా ప్రిన్సిపాల్ గారికి, ముందు వరుసల్లోని పెద్దలకు, వెనక వరుసల్లో కూర్చున్నా గుసగుసలు మాత్రం ముందు వరుస దాకా వినిపిస్తున్న నా తోటి ఉపాధ్యాయులకు, కుర్చీలు చాలక గోడలకు చేరబడ్డ నా విద్యార్థులకు, అందరికీ నమస్కారం.

ఇంతసేపూ నా గురించి చాలా విన్నాను. నేను ప్రకృతి ప్రేమికురాలినట. పచ్చదనం నా ఊపిరట. ఆటల మాస్టారైతే నన్ను భూదేవితో పోల్చారు. బరువు విషయంలో అయితే ఒప్పుకుంటాను. (నవ్వులు) కానీ అయ్యా, వెళ్లిపోయే ముందు ఒక అపోహ తీర్చనివ్వండి. నాకు దోమలంటే పడదు, బురదంటే పడదు, వానలో తడిస్తే వారం రోజులు తుమ్ముతాను. నేను ఈ బడిలో పదకొండు, పన్నెండు తరగతులకు చెప్పింది పర్యావరణ శాస్త్రం. శాస్త్రం అంటే ప్రేమించడం కాదు, కొలవడం. ఉన్నది ఉన్నట్టు చూసి, చూసింది చూసినట్టు రాయడం. ఆ చిన్న తేడా తెలియకుండానే మీరంతా ఇన్నేళ్లు నాతో కలిసి పనిచేశారు, సంతోషం.

నా సబ్జెక్టుకి ఇక్కడ దొరికిన మర్యాద ఏపాటిదో పెద్దలకు తెలియాలి. "అందులో ఏముంది మేడమ్? చెట్లు నాటాలి, నీళ్లు పొదుపు చేయాలి, ప్లాస్టిక్ వాడకూడదు, అంతేగా!" అని ఒక లెక్కల మాస్టారు నాతో అన్నారు. ఎవరో చెప్పను, ఇప్పుడు తల వంచుకుని తన బూట్లు చూసుకుంటున్నారు. (నవ్వులు) మాస్టారూ, ఆ "అంతేగా"లో ఏముందో నా పిల్లల్ని అడగండి. చెరువు నిండా పచ్చగా నాచు పరుచుకుంటే అది ఆరోగ్యం కాదనీ, ఆ పచ్చదనమే రాత్రంతా నీళ్లలోని ఆక్సిజన్ని పీల్చేసి తెల్లారేసరికి చేపల్ని తేలగొడుతుందనీ వాళ్లు గ్రాఫు గీసి చూపిస్తారు. పచ్చగా కనిపించిందల్లా మంచిది కాదండీ. మన గేటు మీద "పచ్చని పాఠశాల" అన్న బోర్డు ఉందే, దాని చుట్టూ అతికించిన గడ్డి కూడా పచ్చగానే ఉంటుంది. ప్లాస్టిక్ కదా, ఎండదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అది మనల్ని చూసే పుట్టి ఉంటుంది.

రేపటి నుంచి నా పాఠాలు ఆటల మాస్టారికి అప్పగించారు. మంచి మనిషి, నాకు ఆయన మీద ఏమీ లేదు. ఏం చూసి అప్పగించారని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. "ఆయన ఎలాగూ బయటే తిరుగుతుంటారు కదా మేడమ్, పర్యావరణం ఉండేది బయటేగా" అన్నారు. (పెద్దగా నవ్వులు) నవ్వకండి. ఆయన నవ్వుతూ అనలేదు.

అసలు సంగతికి వస్తాను. ప్రిన్సిపాల్ గారు మళ్లీ గ్లాసు ఎత్తారు, తాగండి, తాగండి.

పన్నెండో తరగతి వాళ్లకి ఏటా ఒక క్షేత్ర పరీక్ష ఉంటుంది. మన వెనక గోడ అవతల వాగు ఉంది. అక్కడికి వెళ్లాలి, సీసాలో నీళ్లు పట్టాలి, అందులో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో కొలవాలి, కంటికి కనిపించిన జీవుల్ని రాయాలి. ఒకప్పుడు వెళ్లేవాళ్లం, బురద కాళ్లతో వచ్చి వరండా అంతా పాడుచేశామని చీవాట్లు కూడా తినేవాళ్లం. తరవాత ప్రవేశ పరీక్షల శిక్షణ వచ్చింది, నా పీరియడ్లను ఒక్కొక్కటిగా మింగేసింది. పిల్లలకి ఎండ తగులుతుందన్నారు, పాములుంటాయన్నారు, చివరికి వెనక గేటుకి తాళం వేశారు. గేటుకి తాళం పడింది గానీ పరీక్ష ఆగలేదు. ఎలా ఆగలేదంటారా? మనవాళ్లు అందుకో ఉపాయం కనిపెట్టారు, దాని పేరు ఆదర్శ రికార్డు.

ఎప్పుడో ఒక పిల్లవాడు నిజంగానే వాగుకి వెళ్లి, నిజంగానే కొలిచి రాసిన రికార్డు అది. దాన్ని చూసి మరుసటి ఏడాది వాళ్లు రాశారు, వాళ్లని చూసి ఆ తరవాతి వాళ్లు. అదే అంకె, అదే ఉష్ణోగ్రత, ఒడ్డు దగ్గరి నీళ్లలో అవే మూడు చేపలు. నేను కొట్టేసి తిప్పి పంపేదాన్ని, బయటి పరీక్షకులు వచ్చి నిండు మార్కులు వేసి భోంచేసి వెళ్లేవారు. ఆ మూడు చేపలకీ ఈపాటికి నాతోపాటే పదవీ విరమణ చేయించాల్సింది. (నవ్వులు)

పోయినేడు వాగు ఎగువన ఇళ్ల స్థలాలు వేశారు. వాగుని ఓ పెద్ద పైపులోకి తోసి అటెటో మళ్లించేశారు. ఇప్పుడు మన వెనక ఉన్నది ఉత్త ఇసుక. అవతలి వాడ పిల్లలు అందులో సైకిల్ నేర్చుకుంటున్నారు. ఒక మెకానిక్ తన పాత టైర్లన్నీ అందులోనే గుట్ట పోసుకున్నాడు. చుక్క నీరు లేదు మహానుభావులారా! అలాంటి వాగులోంచి ఈ ఏడాది మన పన్నెండో తరగతి మొత్తం సీసాల నిండా నీళ్లు పట్టింది, కొలిచింది, ఆక్సిజన్ పుష్కలంగా ఉందని తేల్చింది, మూడు చేపల్నీ చూసి వచ్చింది. బయటి పరీక్షకుల వారు చల్లటి గదిలో కూర్చుని అందరికీ నిండు మార్కులు వేశారు. నేను ఆ రోజు ఇంకో బడిలో పరీక్షల పని మీద ఉన్నాను; తిరిగొచ్చి చూస్తే ఏం చెప్పను, ఒళ్లు మండిపోయింది.

అందరికీ అన్నాను కదూ, తప్పు. ఒక్క అమ్మాయికి తప్ప.

ఆ అమ్మాయికి క్లాసులో పేరు "ఎందుకండీ". మాటకి ముందు ఎందుకండీ, మాటకి వెనక ఎందుకండీ. మొదట్లో నాకే విసుగొచ్చేది. తాళం వేసిన గేటు చూసి ఊరుకోకుండా, చుట్టూ తిరిగి, ముళ్లకంపల్లో దారి చేసుకుని వాగుకి వెళ్లింది ఆ ఒక్కతే. వెళ్లి ఏం రాసింది? "నీరు లేదు. కొలవడానికి ఏమీ లేదు." అని రాసి ఊరుకుందా? ఎగువకి నడిచి పైపు ఎక్కడ మొదలైందో పటం గీసింది, ఒడ్డు చెట్లలో ఏవి ఎండిపోయాయో గుర్తుపెట్టింది, దిగువ బావుల్లో నీటి మట్టం ఎంత దిగిందో ఇంటింటికీ వెళ్లి అడిగింది. నా ఉద్యోగంలో అంత మంచి క్షేత్ర అధ్యయనం నేను చూడలేదు. ఇది పొగడ్త కాదు, కొలిచే చెబుతున్నాను.

దానికి పరీక్షకుల వారు వేసింది సున్నా. పక్కన ఒక మాట కూడా రాశారు: "ప్రయోగం చేయలేదు." వాగు మొహం చూడనివాళ్లంతా ప్రయోగం చేసినవాళ్లు, వెళ్లి చూసిన పిల్ల చేయనిది! ఫోన్ చేసి అడిగాను. "రికార్డులో విలువ ఉండాలి కదండీ, విలువే లేకపోతే మార్కు దేనికి వేయమంటారు?" అన్నారు. నీళ్లు లేవు బాబూ అన్నాను. "మిగతావాళ్లకి దొరికాయి కదా మేడమ్!" అన్నారు. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డి కోసం అన్నట్టు లేదూ?

క్షేత్ర పరీక్ష పోతే సబ్జెక్టు పోయినట్టే. సబ్జెక్టు పోతే, నీటి శాస్త్రం చదవడానికి ఆ పిల్లకి వచ్చిన కాలేజీ సీటు పోయినట్టే. మన ప్రిన్సిపాల్ గారు దయగలవారు, మధ్యేమార్గం చూపించారు. ఈ సాయంత్రంలోగా రికార్డు మళ్లీ "సరిగ్గా" రాసిస్తే మార్కులు వేయిస్తారట. సరిగ్గా అంటే ఏమిటో మీకు అర్థమైంది కదా.

వాళ్లమ్మ బట్టలు కుడుతుంది. మొన్న మెడలో టేపుతోనే కూతుర్ని వెంటబెట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చింది. "మీరైనా చెప్పండి మేడమ్ దీనికి. ఒక్క అంకె రాసేస్తే పోయేదానికి ఇంత పంతమా? నేను రోజూ అర అంగుళం అటూ ఇటూ కుడుతూనే ఉంటా, ఎవరు చచ్చారు?" అంది.

ఆ పిల్ల నేల చూపులు చూస్తూ, "అంకె ఒక్కటే కాదమ్మా, చేపల్ని కూడా రాయాలంట" అంది.

"చేపలేంటే?"

"మూడు. చూశానని రాయాలి."

వాళ్లమ్మ కాసేపు కూతురి మొహం, నా మొహం మార్చి మార్చి చూసింది. ముందు నవ్వింది. తరవాత టేపు మెడలోంచి తీసి చేతికి చుట్టుకుంటూ, "లేని చేపల్ని చూశానని ఎలా రాస్తావే పిచ్చిదానా" అంది. అని, నా వైపు తిరిగి చాలా నెమ్మదిగా, "మరి సీటు మేడమ్?" అంది.

ఆ పిల్లకి నిజం రాయమని నేర్పింది నేనే. నేర్పిన పాపానికి దాని జీవితం ఆగిపోతే, నన్ను భూదేవి అన్నవాళ్ల మాట ఇంకోలా నిజమవుతుంది, సిగ్గుతో చీలిపోతాను.

అయితే బోర్డు వారి నియమం ఒకటుంది, వారికి గుర్తుందో లేదో. బడి తరఫున ఉండే నాలాంటి పరీక్షకురాలు అభ్యంతరం చెబితే, బోర్డు అధికారి స్వయంగా ఆ చోటికి వచ్చి, విద్యార్థి ఎదుట కళ్లారా చూసి తేల్చాలి. అభ్యంతరం చెప్పినవాళ్లు ఉద్యోగంలో ఉన్నంత వరకే అది చెల్లుతుంది. నేను చెప్పాను. ఒకసారి కాదు, అడిగినప్పుడల్లా వచ్చిన జవాబు ఒకటే, అధికారి గారికి తీరిక లేదు. మరీ గట్టిగా అడిగితే నీళ్లు నమిలారు. ఆ నీళ్లయినా వాగులో పోసి ఉంటే బాగుండేది. (నవ్వులు)

ఇప్పుడు మీ అందరి సందేహం తీరుస్తాను. సన్మానం వద్దు మొర్రో అన్న మనిషి ఉన్నట్టుండి ఎలా ఒప్పుకుంది, పైగా బోర్డు అధికారి గారే అధ్యక్షత వహించాలని ఎందుకు పట్టుబట్టింది అని స్టాఫ్ రూములో తెగ చెప్పుకున్నారట. "పోయే ముందు కీర్తి మీద మోజు పుట్టింది" అని కూడా అన్నారట. నాకు మీ పూలగుత్తి మీద మోజు లేదు నాయనా. దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కాగితం విప్పడానికే నాకు ఓపిక లేదు. క్షేత్ర పరీక్షకి దొరకని తీరిక, పొగడ్తల సభకైతే ఎవరికైనా దొరుకుతుందని నాకు తెలుసు. అయ్యా అధికారి గారూ, తమరు వచ్చారు. పెద్ద మనసుతో వచ్చారు. తమరు కూర్చున్న కుర్చీకీ ఆ వాగుకీ మధ్య ఉన్నది ఒక తలుపు, ఒక గేటు, కాస్త ముళ్లకంప. గేటు తాళం పొద్దున్నే తీయించాను. నేను ఈ సాయంత్రం దాకా ఉద్యోగంలోనే ఉన్నాను, విద్యార్థి వాళ్లమ్మతో సహా ఇక్కడే ఉంది, తమరూ ఇక్కడే ఉన్నారు. నియమానికి ఇంకేం కావాలి?

(గుసగుసలు)

ప్రిన్సిపాల్ గారూ, మైకు వైరు లాగకండి, పడతారు.

సీసా, ఆక్సిజన్ కొలిచే రసాయనాలు అన్నీ సిద్ధంగా పెట్టాను. వాగులో గ్లాసెడు నీళ్లు దొరికినా ఇందరి ముందూ కొలుస్తాను. ఒక్క చేప కనిపించినా ఆ పిల్ల సున్నా అలాగే ఉంచండి, నేను చేతులు జోడించి క్షమాపణ చెబుతాను. ఏమీ దొరక్కపోతే మాత్రం, ఏమీ దొరకలేదని తమరి చేత్తో రాసి సంతకం పెట్టాలి. నేను అడిగేది అంతే.

గోడల దగ్గర నిలబడ్డ నా మిగతా పిల్లలూ, మీరు ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం ఇక్కడికి కనిపిస్తూనే ఉంది. మీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను, ఉంది. కానీ మీకు అదే రాయమన్నది పెద్దవాళ్లు. మీకు సున్నా వేయమని అడగను. మళ్లీ పరీక్ష పెట్టమని అడుగుతాను. ఈసారి బూట్లు మాసిపోతాయి, సిద్ధంగా ఉండండి.

నన్ను ఇన్నేళ్లు భరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. నేను కూడా మిమ్మల్ని భరించాను, ఆ లెక్క అక్కడికి సరి. ఎండలో నడవలేనివారికి ముందు గదిలో టీ ఉంది, మొహమాటపడకండి. మిగతావాళ్లు వెనక తలుపు వైపు రండి. నాకు తెలిసిన పాత దారి కంపలు మొలిచి ఎప్పుడో మూసుకుపోయింది. ఎందుకండీ, రా తల్లీ, అమ్మని కూడా తీసుకుని ముందు నువ్వు నడువు. ఇంత పెద్ద బడిలో వాగుకి దారి తెలిసింది నీ ఒక్కదానికే.

సెలవు.